కాగితాలు లాయరు చూస్తాడు, గోడలు ఎవరు చూస్తారు?

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనేవాళ్లు కాగితాల విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటారు. ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపించే ఈసీని ముప్పై ఏళ్లకు తీస్తారు. పాత ఓనర్ల నాటి లింక్ డాక్యుమెంట్లన్నీ లాయరు ముందు పెట్టి లీగల్ ఒపీనియన్ రాయించుకుంటారు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చిన దగ్గర్నుంచి చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) ఎంత దూరంలో ఉందో కూడా మ్యాపుల్లో వెతుకుతున్నారు. సింహద్వారం దిక్కు చూడటానికి సిద్ధాంతిని వెంటబెట్టుకుని వెళ్తారు. ఇవన్నీ అయ్యాక అడ్వాన్స్ చేతిలో పెడతారు. స్లాబు, బాత్రూమ్ గోడలు, పైపులు, కరెంటు వైరింగ్ సంగతి మాత్రం ఇల్లు చూడ్డానికి వెళ్లిన ఆ కాసేపట్లో కంటికి ఆనినంతే.

ఈ ఖాళీని పూరిస్తామంటూ నగరాల్లో హోమ్ ఇన్‌స్పెక్షన్ చేసే సంస్థలు వచ్చాయి. చదరపు అడుగుకు ఇంత అనో, ఫ్లాటుకు ఇంత అనో తీసుకుని, ఇల్లంతా పరీక్షించి ఫొటోలతో రిపోర్టు ఇస్తాయి. వీళ్లను పిలవాలా, అదొక అనవసరపు ఖర్చా? ఎవరు అడిగినా నేను ముందు ఒక ప్రశ్న వేస్తాను: రిపోర్టులో లోపం బయటపడితే మీరు ఏం చేయగలరు? బేరం తగ్గించగలరా, కొనడం మానేయగలరా, బిల్డర్‌తో బాగు చేయించుకోగలరా? వీటిలో ఒక్కటైనా మీ చేతిలో ఉన్నప్పుడు పిలవండి. డబ్బంతా కట్టేసి, సంతకాలన్నీ పెట్టేశాక పిలిస్తే ఆ రిపోర్టు చాలావరకు బాధపడటానికే పనికొస్తుంది.

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. "బ్యాంకు వాళ్లు వచ్చి చూసి లోన్ ఇచ్చారు కదా, ఇంకా భయమేంటి?" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. బ్యాంకు పంపే వాల్యుయర్ బ్యాంకు కోసం వస్తాడు. ఆ ఆస్తి అమ్మితే ఎంత వస్తుంది, మంజూరైన ప్లాన్ ప్రకారం కట్టారా, నిర్మాణం ఏ దశలో ఉంది అన్నవి చూసుకుని వెళ్లిపోతాడు. టైల్స్ కింద బోలుగా ఉందా, గీజర్ పాయింటుకు ఎర్తింగ్ వచ్చిందా అన్నది అతని పని కాదు. ఇంట్లో చేరొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) కూడా అంతే. అది ఉండి తీరాల్సిందే, అది లేని ఫ్లాటు జోలికి వెళ్లకపోవడమే మంచిది. కానీ మీ బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ బాగుందని ఓసీలో ఎవరూ రాయరు.

మరి ఇన్‌స్పెక్టర్ వచ్చి ఏం చేస్తాడు? బాత్రూమ్ దగ్గరే మొదలుపెడదాం. మన అపార్ట్‌మెంట్లలో గొడవలన్నీ పుట్టేది అక్కడే.

మంచి ఇన్‌స్పెక్టర్ ముందు బాత్రూమ్ లోపలికి వెళ్లడు, దాని గోడకు అవతలి వైపున్న బెడ్‌రూమ్‌లోకి వెళ్తాడు. నేల నుంచి అడుగు ఎత్తు దాకా గోడను టార్చిలైటు అడ్డంగా వేసి చూస్తాడు. పెయింటు చిన్న చిన్న బుడగలుగా లేచిందా, స్కర్టింగ్ మీద తెల్లటి ఉప్పు పొడి రాలిందా, ఆ ఒక్క గోడకే కొత్తగా లప్పం పెట్టి రంగు వేశారా అని గమనిస్తాడు. తర్వాత తేమ కొలిచే మీటరును అదే గోడకు కింద, మధ్యలో, పైన ఆనించి రీడింగులు పోల్చుకుంటాడు. కిందికి వచ్చేకొద్దీ అంకె పెరుగుతుంటే గోడలోకి చెమ్మ చేరుతున్నట్టే. అప్పుడు బాత్రూమ్‌లోకి వెళ్లి ఒక మగ్గు నీళ్లు నేల మీద పోస్తాడు. అవి నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ వైపు వెళ్లాలి. గుమ్మం వైపు వస్తే వాలు తప్పు. వాలు సరిచేయాలంటే టైల్స్ మొత్తం పగలగొట్టాల్సిందే.

అనుమానం గట్టిపడితే పెద్ద పరీక్ష ఒకటుంది. ట్రాప్‌కు మూత బిగించి, బాత్రూమ్ నేలంతా రెండు అంగుళాల నీళ్లు నింపి, కనీసం ఒక రోజు అలాగే వదిలేస్తారు. మర్నాడు కింది ఫ్లాటువాళ్ల సీలింగ్ చూడాలి. కొత్త ఫ్లాటులో అయితే బిల్డర్‌ను అడిగి ఇది చేయించుకోవచ్చు. రీసేల్‌లో మనుషులు నివాసం ఉంటారు కాబట్టి కుదరదు. కుదరని చోట ఇంకా తేలికైన దారి ఉంది: కింది అంతస్తుకు వెళ్లి తలుపు కొట్టి, "పైనుంచి మీకేమైనా చెమ్మ దిగుతోందాండీ?" అని అడగడం. మీటర్లు చెప్పని విషయాలు ఆ ఇంటావిడ చెబుతుంది.

మిగతా పరీక్షలు చకచకా సాగిపోతాయి. చిన్న కడ్డీతో టైల్స్‌ను తడుతూ వెళ్తాడు. డొల్ల శబ్దం మూలల్లో వస్తే పెద్ద విషయం కాదు, టైల్ మొత్తం డొల్లగా పలికితే రేపు పైకి లేస్తుంది. ప్రతి ప్లగ్గులో టెస్టర్ పెట్టి ఎర్తింగ్ ఉందో లేదో చూస్తాడు. పాత ఫ్లాట్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది కానీ వెనక ఎర్త్ వైరు ఉండదు, గీజర్ దగ్గర ఇది ప్రాణాంతకం. మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉందా, బటన్ నొక్కితే ట్రిప్ అవుతోందా అని పరీక్షిస్తాడు. కిటికీలు, తలుపులు, కుళాయిల్లో నీళ్ల ధార సరేసరి. లేజర్‌తో గదులు కొలిచి కార్పెట్ ఏరియా లెక్క కడతాడు. ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు వచ్చిన రెరా చట్టం ప్రకారం లోపలి గోడలు కార్పెట్ ఏరియాలోకి వస్తాయి, బయటి గోడలు, డక్టులు, బాల్కనీ రావు. అగ్రిమెంట్‌లో రాసిన అంకెకూ కొలతకూ తేడా వస్తే అది డబ్బుతో తేల్చుకోవాల్సిన విషయం.

థర్మల్ కెమెరా గురించి ఒక మాట. "గోడ లోపల ఏముందో మొత్తం కనిపిస్తుంది సార్" అని అమ్ముకునేవాళ్లున్నారు. అది గోడ లోపలికి చూడదు. గోడ ఉపరితలం ఎక్కడ ఎంత వేడిగా ఉందో చూపిస్తుందంతే. తడి ఉన్న చోట చల్లగా ఉంటుంది కాబట్టి వేరే రంగులో కనబడుతుంది. ఏప్రిల్ ఎండల్లో, మూడు నెలలుగా చుక్క వాన లేనప్పుడు తీస్తే వానాకాలంలో మాత్రమే కారే స్లాబు ఆ కెమెరాకు నిక్షేపంగా కనిపిస్తుంది. అందుకే టాప్ ఫ్లోర్ ఫ్లాటు గానీ, ఇండిపెండెంట్ ఇల్లు గానీ కొనేవాళ్లు వీలైతే ఒక మంచి వాన పడ్డాక మరోసారి చూడాలి. హైదరాబాద్‌లో ఆగస్టు, సెప్టెంబరు. కోస్తాలో తుపాన్లు వచ్చే అక్టోబరు, నవంబరు.

ఇన్‌స్పెక్టర్ ఎక్కడ ఆగిపోతాడో కూడా స్పష్టంగా తెలియాలి. అతను కంటికి కనిపించేదీ, చిన్న పరికరాలకు అందేదీ చెబుతాడు. కాంక్రీటు లోపలి సంగతి అతనికి తెలియదు. గురుగ్రామ్‌లో 2022 ఫిబ్రవరిలో ఒక ఎత్తైన టవర్‌లో ఒక ఫ్లాటు నేల కూలి, దాని కింద ఉన్న అంతస్తులు వరసగా దెబ్బతిని ఇద్దరు మహిళలు చనిపోయారు. ఐఐటీ ఢిల్లీ నిపుణులు పరీక్షిస్తే కాంక్రీటులో క్లోరైడ్లు ఎక్కువగా ఉన్నాయని, వాటివల్ల లోపలి ఇనుప ఊచలు తుప్పుపట్టిపోయాయని తేలింది. ఆ టవర్ నివాసానికి పనికిరాదన్నారు. అది ల్యాబ్‌కు నమూనా పంపితే తప్ప బయటపడని లోపం. టైల్స్ తట్టి చూసేవాళ్లకు అది దొరకదు.

అయితే లోపలి తుప్పు బయటికి కొన్ని గుర్తులు పంపుతుంది. తుప్పుపట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుంది. పిల్లర్ వెంబడి నిలువుగా పగులు, దాని పక్కన గోధుమరంగు మరక, స్లాబు అడుగున పెచ్చులూడి ఊచ కనిపించడం, ఇవి కనిపిస్తే ఇన్‌స్పెక్టర్‌తో ఆపకూడదు, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవాలి. అదే గోడ, బీమ్ కలిసే చోట వెంట్రుకంత గీత కనిపిస్తే కంగారు అక్కర్లేదు. ఇటుక, కాంక్రీటు వేర్వేరుగా కుదించుకుంటాయి కాబట్టి కొత్త ఇళ్లలో ఇది మామూలే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకి, వేలిగోరు దూరేంత వెడల్పున్న బీట మాత్రం పునాది కదిలిందని చెప్పే గుర్తు కావచ్చు. గుంటూరు వైపు నల్లరేగడి నేలల మీద కట్టిన ఇళ్లలో ఇది మామూలు. వానకు ఉబ్బి ఎండకు కుంగే ఆ నేల పునాదిని ఏడాదికోసారి ఎత్తి దించుతుంది. విశాఖలో సమస్య వేరే, అక్కడ సముద్రపు గాలి. కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు వాతావరణంలో ఊచ మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ చాలు, సముద్రతీర వాతావరణంలో 45 ఉండాలి. సైటులో ఊచలకు ఆ ఎడం ఉంచే కవర్ బ్లాకులు సరిగ్గా పెట్టని బిల్డింగుకు బీచ్ దగ్గర్లో ఆయుష్షు తగ్గిపోతుంది. కాబట్టి అక్కడ పదిహేనేళ్లు దాటిన ఫ్లాటు కొనేవాళ్లు స్ట్రక్చరల్ ఇంజినీర్ అభిప్రాయం తీసుకోకుండా ముందుకు వెళ్లొద్దని నేను గట్టిగా చెబుతాను. అపార్ట్‌మెంట్‌లో మీ ఫ్లాటొక్కటే బాగుంటే సరిపోదు. సెల్లార్ పిల్లర్లు, టెర్రస్, సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు అందరివీ. ఆ రిపేర్ల ఖర్చులో మీ వాటా మీకు తప్పదు.

ఇప్పుడు డబ్బు చేతులు మారే క్రమం చూద్దాం, అసలు నిర్ణయం ఇక్కడే ఉంది.

కొత్త ఫ్లాటు, రెరాలో నమోదైన ప్రాజెక్టు అయితే చట్టం మీ వైపు ఉంది. 2016 నాటి రెరా చట్టంలో సెక్షన్ 14(3) ప్రకారం స్వాధీనం చేసిన రోజు నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ లోపం ఉందని మీరు బిల్డర్ దృష్టికి తెస్తే, అతను 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే మీకు పరిహారం అడిగే హక్కు ఉంది. ఇంత రక్షణ ఉన్నాక ఇన్‌స్పెక్టర్ ఎందుకని అడగొచ్చు. "దృష్టికి తెస్తే" అన్న చోట ఉంది విషయం. ఏ తేదీన, ఏ గదిలో, ఏ లోపం అన్నది రాతపూర్వకంగా, ఫొటోతో ఉండాలి. నోటిమాటగా సైట్ ఇంజినీర్‌కు చెప్పింది రేపు రెరా అథారిటీ ముందు నిలవదు.

హ్యాండోవర్ రోజు ఎలా ఉంటుందో తీసుకున్నవాళ్లకు తెలుసు. ఇంట్లోవాళ్లంతా సంతోషంగా వస్తారు, గృహప్రవేశం ముహూర్తం అప్పటికే పెట్టుకుని ఉంటారు. బిల్డర్ ఆఫీసు మనిషి కాగితం ముందుపెట్టి, "చిన్న చిన్నవి ఏమైనా ఉంటే తర్వాత చేయించేస్తాం సార్, ముందు సంతకం పెట్టేయండి" అంటాడు. ఆ కాగితంలో ఫ్లాటు సంతృప్తికరంగా ఉన్న స్థితిలో తీసుకున్నానని రాసి ఉంటుంది. సంతకం పడగానే ప్లంబర్ ఫోను ఎత్తడం మానేస్తాడు. గీతలు పడ్డ అద్దం, పగిలిన టైలు, వంగిన తలుపు లాంటివి బిల్డర్ ఇచ్చిన లోపాలా, ఇంటీరియర్ పనివాళ్లు చేసినవా అన్న వాదన మొదలవుతుంది. అందుకే సంతకానికి ముందు, చివరి వాయిదా ఇంకా మీ దగ్గర ఉండగానే ఇన్‌స్పెక్షన్ చేయించి, ఆ స్నాగ్ లిస్టును (లోపాల జాబితాను) ఈమెయిల్లో పంపి, సరిచేశాక రెండోసారి చూసి సంతకం పెట్టడం సరైన వరస. ఓసీ వచ్చాక రెండు నెలల్లో స్వాధీనం తీసుకోవాలని సెక్షన్ 19 అంటోంది కాబట్టి నెలల తరబడి ఆపడం కుదరదు. ఓసీ కబురు రాగానే కదలాలి. గృహప్రవేశం ముహూర్తం మాత్రం ఆ రెండోసారి చూసిన తర్వాతికి పెట్టుకోండి. ముహూర్తం దగ్గరపడుతోందన్న టెన్షన్‌లో ఎవరైనా సంతకం పెట్టేస్తారు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ఆ ప్రాజెక్టును రెరాలో నమోదు చేయాల్సిన పని లేదు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 598 గజాలు. మన కాలనీల్లో 200, 300 గజాల్లో లేచే అపార్ట్‌మెంట్లన్నీ దీని కిందికే వస్తాయి. మేస్త్రీ నుంచి బిల్డర్‌గా మారిన వ్యక్తి కట్టే ఈ చిన్న బిల్డింగుల్లో ధర తక్కువగా ఉంటుంది, మధ్యతరగతి కొనేది ఎక్కువగా ఇవే. నా దృష్టిలో ఇన్‌స్పెక్షన్ అవసరం అందరికన్నా వీళ్లకే ఎక్కువ. పేరున్న గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటు తీసుకున్నవాళ్లకు ఐదేళ్ల హామీ, వందల మంది ఓనర్ల సంఘం అండగా ఉంటాయి. ఈ చిన్న బిల్డింగులో కొన్నవాళ్లకు రిజిస్ట్రేషన్ రోజు తర్వాత బిల్డర్ కనిపిస్తే అదృష్టం.

రీసేల్‌లో పరిస్థితి ఇంకా కఠినం. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, సెక్షన్ 55 ప్రకారం తనకు తెలిసి, కొనేవాడికి తెలియని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పాలి. కానీ అది మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టలేని లోపం అయి ఉండాలి. చూస్తే కనబడే లోపాన్ని చూడకుండా కొంటే ఆ బాధ్యత మీదే. అమ్మేవాడికి ముందే తెలుసని కోర్టులో నిరూపించడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి రీసేల్‌లో ఇన్‌స్పెక్షన్ అగ్రిమెంట్ ఆఫ్ సేల్‌కు ముందే జరగాలి. బేరం ఒక అంకె దగ్గరికి వచ్చాక, పెద్ద అడ్వాన్స్ ఇవ్వకముందు, "ఒక ఇంజినీర్‌ను తీసుకొచ్చి గంటన్నర చూసుకుంటామండీ" అని మర్యాదగా అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్లు ఒప్పుకుంటారు. కుదరదంటే ఎందుకు కుదరదో ఆలోచించుకోండి. టోకెన్ ఇవ్వక తప్పని పరిస్థితి అయితే, పరిశీలనలో పెద్ద లోపం తేలితే టోకెన్ వాపసు ఇస్తామని ఒక్క వాక్యం రాయించుకోండి.

అమెరికాలో ఈ వాక్యం ఇంటి కొనుగోలు ఒప్పందాల్లో మామూలుగా ఉండేదే. టెక్సాస్‌లో అయితే ఆప్షన్ పీరియడ్ అని ఉంటుంది, చిన్న ఫీజు కట్టి కొన్ని రోజుల గడువు తీసుకుంటారు, ఆ గడువులో కారణం చెప్పకుండానే వెనక్కి తగ్గొచ్చు. ఇన్‌స్పెక్టర్‌కు రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్సు తప్పనిసరి. అక్కడ కూడా అన్ని రాష్ట్రాలూ ఒకలా ఉండవు, కాలిఫోర్నియాలో హోమ్ ఇన్‌స్పెక్టర్లకు లైసెన్సు విధానం లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, ప్లేనో ప్రాంతాల నేల కూడా ఉబ్బి కుంగే బంకమట్టే కాబట్టి పునాది సమస్యలు అక్కడ నిత్యం వినిపించే మాట. కొత్త ఇల్లే కదా అని ఇన్‌స్పెక్షన్ వదిలేయకుండా కాంక్రీటు పోయకముందు, గోడలు మూసేయకముందు, తాళాలు తీసుకునే ముందు చూపించుకునేవాళ్లున్నారు. ఏడాది వారంటీ అయిపోకముందు పదకొండో నెలలో మరోసారి కూడా.

అలా అలవాటుపడ్డవాళ్లు హైదరాబాద్‌లో ఫ్లాటు కొన్నప్పుడు ఇక్కడా అంతే రక్షణ ఉందనుకుంటారు. మన దేశంలో హోమ్ ఇన్‌స్పెక్టర్ అన్న వృత్తికి ప్రత్యేకంగా లైసెన్సు లేదు. బోర్డు పెట్టుకుంటే ఎవరైనా ఇన్‌స్పెక్టరే. అందుకని మనిషిని ఎంచుకోవడంలో మీరే జాగ్రత్తపడాలి. వచ్చేది సివిల్ ఇంజినీరా, సంస్థ శిక్షణ ఇచ్చిన కుర్రాడా అని అడగండి. వాళ్లు గతంలో ఇచ్చిన రిపోర్టు ఒకటి, పేర్లు తీసేసి చూపించమనండి. లోపాలు కనిపెట్టిన సంస్థే వాటర్‌ప్రూఫింగ్ పని కూడా చేస్తానంటే జాగ్రత్త, అక్కడ లోపాల జాబితా పెరుగుతూ పోతుంది. బిల్డరో, బ్రోకరో చూపించిన మనిషి అసలొద్దు. విదేశాల్లో ఉండి, జీపీఏ (తమ తరఫున సంతకాలు పెట్టే అధికార పత్రం) మీద నాన్నగారితోనో బావగారితోనో పనులు నడిపించేవాళ్లకైతే ఇన్‌స్పెక్టర్ ఉండాల్సిందే అంటాను. డెబ్బై ఏళ్ల పెద్దాయన బిల్డర్ ఆఫీసులో కూర్చుని ఎర్తింగ్ గురించి వాదించలేరు. చేతిలో రిపోర్టు ఉంటే ఆయన వాదించాల్సిన అవసరమే రాదు.

పిలవక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. స్థలం కోసం పాత ఇల్లు కొని, పడగొట్టి కట్టుకునేవాళ్లకు ఇది దండగ. అదే ఫ్లాటులో మూడేళ్లు అద్దెకుండి, రెండు వానాకాలాలు చూసి కొంటున్నవాళ్లకు ఇన్‌స్పెక్టర్ కొత్తగా చెప్పేది తక్కువ. వాళ్లకు ఒక మంచి ఎలక్ట్రీషియన్ చాలు. బంధువుల్లో సైటు మీద పనిచేసిన సివిల్ ఇంజినీర్ ఉంటే, మొహమాటం లేకుండా చెప్పే మనిషైతే, ఆయన్నే తీసుకెళ్లండి. మొహమాటం ఉంటే వద్దు, "బాగానే ఉందిలే" అన్న మాట వినడానికి మనిషి అక్కర్లేదు.

ఫీజు దగ్గర తటపటాయించేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. తెలంగాణలో 80 లక్షల ఫ్లాటుకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. అది కాక ఇంటీరియర్స్‌కు ఎన్ని లక్షలవుతాయో మీకు తెలుసు. ఇన్‌స్పెక్షన్ ఫీజు అందులో చిన్న ముక్క. పైగా ఇంటీరియర్స్ చేయించాక బాత్రూమ్ లీకు బయటపడితే వార్డ్‌రోబ్ వెనక ప్లైవుడ్ ఉబ్బి, టైల్సుతో పాటు అదీ పోతుంది.

రిపోర్టు వచ్చాక దాన్ని చదివే తీరు కూడా ముఖ్యం. ఎనభై లోపాలున్నాయని చూసి గుండె జారిపోయేవాళ్లున్నారు. అందులో డెబ్బై పెయింటు మరకలు, బిగుసుకున్న గడియలు. వాటిని పక్కనపెట్టి నీళ్లు, కరెంటు, పగుళ్లు అన్న మూడింటి కింద ఏమున్నాయో ముందు చదవండి. రీసేల్‌లో అయితే ఆ మూడింటి మరమ్మతుకు ఒక కాంట్రాక్టర్‌తో అంచనా రాయించుకుని, దాన్ని బేరంలో పెట్టండి. "ధర ఎక్కువగా ఉందండీ" అంటే అమ్మేవాళ్లు కదలరు. "రెండు బాత్రూమ్‌లూ తవ్వి చేయాలి, ఇదిగో అంచనా" అంటే కూర్చుని మాట్లాడతారు.

కొత్త ఫ్లాటులో ఇప్పటికే చేరిపోయినవాళ్లకూ గడువు మిగిలే ఉంది. హ్యాండోవర్ తేదీ ఒకసారి చూసుకోండి. ఐదేళ్లు నిండటానికి ముందు వచ్చే ఆఖరి వానాకాలం అయ్యాక ఇల్లంతా, వీలైతే అసోసియేషన్ తరఫున సెల్లార్, టెర్రస్‌తో సహా, పరీక్ష చేయించి, ఆ రిపోర్టును గడువులోపే బిల్డర్‌కు స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్లోనూ పంపండి. అది అందినట్టు రుజువు దాచుకోండి.